బామ్మర్ది చెప్పిన చివరి రీళ్ళు

వరద వచ్చి హాలు గోడలన్నీ కడిగేసిన పదో ఏడు అది. ఎండలు ముదిరి, గోడకి రాసిన పిండి కాగితం తగిలేలోపే ఎండిపోతున్న రోజులు. జిగురు పెరటి పొయ్యి ముందు గొంతుక్కూర్చుని రేకు డబ్బాలో పిండి కలియబెడుతున్నాడు.

జిగురు అనేది అతని అసలు పేరు కాదు. సినిమా హాల్లో పోస్టర్లంటించే పనిలో చేరిన కొత్తలో ఎవరో సరదాకి అన్నారు, ఇక వదల్లేదు. అరవై నాలుగేళ్ళ మనిషి. పొడుగ్గా, గాలికి వంగిన గెడకర్రలా ఉంటాడు. కుడి చెయ్యి ఎడమ చేతి కన్నా రెండంగుళాలు పొడుగని గేటు దగ్గరుండే పెద్దాయన వేళాకోళం చేస్తాడు. ముప్పై ఏళ్ళపాటు బ్రష్షు పైకి చాచి చాచి సాగిపోయిందట. గోళ్ళ మొదళ్ళలో పిండి తెల్లగా పొలుసు కట్టి ఉంటుంది. ఎంత తోమినా పోదు. చొక్కా విప్పి గోడకి ఆనిస్తే చొక్కా దానంతటదే నిలబడుతుంది.

పిండిని ముందు చన్నీళ్ళలో జారుగా కలుపుకోవాలి. ఆ తర్వాతే మరిగే నీళ్ళలో సన్నగా పోస్తూ తిప్పాలి. చెయ్యి ఆగిందా, ఉండ కడుతుంది. ఆ ఉండ పోయి పోయి హీరోయిన్ బుగ్గ మీదే తేలుతుంది. దించబోయే ముందు చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి, లేదంటే పిండి రుచికి ఎలుకలు కాగితం కొరికేస్తాయి. ఇవన్నీ అతనికి తెలుసు గాని, ఎవరికీ చెప్పింది లేదు. మాట్లాడ్డం అతనికి మొదట్నుంచీ పెద్ద బరువు. మూడో తరగతి దాకా వెళ్ళాడు. పోస్టరు మీది పెద్దక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు, చిన్నక్షరాల జోలికి పోడు. అందుకే సినిమాలకి అతని దగ్గర వేరే పేర్లుంటాయి. నీలం పడవ. గొడుగు పిల్ల. ఎర్ర లారీ. ఇద్దరు డాక్టర్లు. ఏ సినిమాకి ఎన్ని కాగితాలు, ఏ రంగు తడికి కారుతుంది, ఏ కాగితం పిండిని ఎక్కువ తాగుతుంది, అడిగితే నిద్రలో కూడా చెప్తాడు.

ఆ పొద్దున మాత్రం మనసు పిండి మీద లేదు. కిందటి సాయంత్రం యజమానమ్మ తన గదికి పిలిపించి, కుర్చీ చూపించి కూర్చోమంది. ముప్పై ఏళ్ళలో ఆ గదిలో అతన్ని ఎవరూ కూర్చోమనలేదు. అప్పుడే అతనికి కీడు తోచింది.

"హాలు ఇచ్చేశాను," అంది ఆమె. "నెలాఖరుకి తాళాలు అప్పజెప్పాలి. పోయేముందు పది రోజులు పాత సినిమాలు వేద్దామనుంది. వరద తర్వాత మళ్ళీ తెరిచాం చూడు, అప్పట్నుంచి ఏడాదికొకటి. మంచివి. నువ్వే ఏరాలి."

"నేనా అమ్మగారూ?"

"మరెవరు? మొదటి రోజు మ్యాట్నీ ఒక్కటి కూడా వదలకుండా చూసింది ఈ హాల్లో నువ్వొక్కడివే. నాకా, అరగంట చూస్తే తలనొప్పి. ఎల్లుండి పొద్దున్నే చెప్పెయ్, అచ్చుకివ్వాలి."

అతను తల ఊపి వచ్చేశాడు. ఊపాడే గాని, అసలు సంగతి ఆమెకి ఏమని చెప్తాడు? చీకటితోనే లేచి, నిచ్చెన భుజాన వేసుకుని, పదహారు గోడలు తిరిగొచ్చిన మనిషి చల్లటి చీకట్లో మెత్తటి కుర్చీలో కూలబడితే ఏమవుతుంది? మొదటి పాట అయ్యేలోపు కళ్ళు మూతలు పడేవి. దీపాలు వెలిగి జనం కుర్చీలు టపటపా మడిచే చప్పుడికి మెలకువొచ్చేది. పదేళ్ళలో నాలుగొందల పైచిలుకు సినిమాల మొదళ్ళు చూశాడు. చివర ఒక్కటీ చూడలేదు.

చివరలు చెప్పేది బామ్మర్ది.

బామ్మర్దంటే హాలు ఆపరేటరు, జిగురు భార్యకి తోడబుట్టిన తమ్ముడు. మ్యాట్నీ వదిలాక మళ్ళీ ఆట మొదలయ్యే లోపల గంటన్నర ఖాళీ. ఇద్దరూ వంతెన దాటి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. కొత్త సినిమా రోజున వంతెన సగం దాటాక జిగురు అడిగేవాడు, "ఆఖర్న ఏమైందిరా?" బామ్మర్ది కమ్మీకి ఆనుకుని, సిగరెట్టు ముట్టించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మొదలెట్టేవాడు. పొగ వదులుతూ, చేతులు తిప్పుతూ, ఏడ్చే చోట గొంతు తగ్గిస్తూ చెప్పేవాడు. జిగురు అవతలి ఒడ్డు చేరేదాకా ఊకొట్టేవాడు. ఆ చివరలు ఎవరితోనూ అనేవాడు కాదు. తనలోనే దాచుకునేవాడు. గోడ మీద ఆ పోస్టరు కనబడినప్పుడల్లా ఓసారి తీసి చూసుకునేవాడు.

అతని భార్య ఆ వరదలో పోయింది. నీళ్ళొచ్చిన పూట ఆమె మిల్లులో పనికెళ్ళి ఉంది. జిగురు నాలుగు రోజులు ఏటి గట్టు పట్టుకుని నడిచాడు, అటు రేవు దాకా, ఇటు వంతెన దాకా. నాలుగో రోజు సాయంత్రం బామ్మర్ది వచ్చి భుజం పట్టుకుని, "అక్క దొరికింది బావా. నేను చూశాను. మొహం ఏం చెడలేదు. నిద్రపోతున్నట్టే ఉంది," అన్నాడు. ఆ మాట విన్నాక జిగురు మంచాన పడ్డాడు. ఒళ్ళు పెనంలా కాలింది. వారం తర్వాత లేచేసరికి ఆమెని మట్టి చేసేశారు. ఆ చోట ఒక మొక్క నాటాడు. పదేళ్ళుగా వారానికి రెండుసార్లు పోయి నీళ్ళు పోసి వస్తున్నాడు. 'నిద్రపోతున్నట్టే ఉంది' అన్న మాట ఒక్కటే అతని దగ్గర మిగిలిన ఆమె ఆఖరి ఫోటో.

పిండి దించి, మూత పెట్టి, తొమ్మిదింటికి హాలుకి వెళ్ళాడు. టికెట్ల గది ముందు బెంచీ మీద గేటు పెద్దాయన టీ తాగుతున్నాడు. టికెట్లిచ్చే ఆవిడ, అందరూ బుకింగక్క అంటారు, కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఏం జిగురూ, పెద్ద పదవే వచ్చిందంటగా! పది సినిమాలేరే అధికారం. మా మొహాలు కూడా కాస్త చూడవయ్యా!"

"వాడేం ఏరతాడే," అన్నాడు గేటు పెద్దాయన. "చిన్న పోస్టరున్నవన్నీ చూసి ఏరతాడు. మోత తక్కువ."

"నువ్వుండు. చెప్పు జిగురూ, మొదటేడుది ఏది?"

మామూలుగానైతే నవ్వి ఊరుకునేవాడు. కాని రాత్రంతా ఆ పేర్లే మనసులో తిప్పుకుంటూ పడుకున్నాడేమో, నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీలం పడవ."

"అబ్బ, భలేది ఏరావు! అది చూసి నాకు మూడు రోజులు ముద్ద దిగలేదనుకో. పాపం ఆ పిల్ల!"

"పాపమేముంది? ఒడ్డుకొచ్చేసిందిగా."

"ఎవరు?"

"ఆ పిల్లే. పడవ తిరగబడ్డాక దుంగ పట్టుకుని కింద రేవులో తేలింది. బట్టలుతికేవాళ్ళు తీశారు. ఆర్నెల్లకి ఇంటికొచ్చి తలుపు కొడుతుంది. మొగుడు దీపం పట్టుకొచ్చి తీస్తాడు. ముందు చెయ్యి కనబడుతుంది, తర్వాత మొహం."

జిగురు నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం ఆ ఇద్దరూ ఎన్నడూ వినలేదు. గేటు పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. బుకింగక్క కళ్ళు చిట్లించి, తర్వాత పకపకా నవ్వింది.

"దుంగేంటి, దీపమేంటి జిగురూ! మునిగిపోయింది. మొగుడు గట్టు మీద నిలబడి ఓ కేక పెడతాడు, తెర తెల్లగా అయిపోతుంది. అంతే. నేను రెండుసార్లు చూశాను."

"కాదు," అన్నాడు జిగురు.

"సరే, పోనీ రెండోది చెప్పు."

"గొడుగు పిల్ల. స్టేషన్లో తండ్రి గుర్తుపడతాడు."

"ఎక్కడ గుర్తుపట్టాడు! ఆ పిల్ల పక్కనే నిలబడితే 'ఏ రైలమ్మా' అని అడిగి ఎక్కేసి వెళ్ళిపోతాడు. అందుకే కదా అందరూ ఏడ్చింది."

"ఎర్ర లారీలో..." అని ఆగాడు జిగురు.

"లోయలో పడింది. డ్రైవరుతో సహా," అన్నాడు గేటు పెద్దాయన. "అది నేను కూడా చూశా. దూకాడంటావా ఏంటి కొంపదీసి?"

దూకాడనే జిగురుకి తెలుసు. దూకి, కాలు విరిగి, కుంటుకుంటూ కూతురి పెళ్ళికి వచ్చాడు.

"నువ్వు ఏ ఊరి హాల్లో చూశావురా ఇవన్నీ?" అని పెద్దాయన తొడ చరిచాడు. బుకింగక్క పైటకొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. రోజంతా చూసుకునే మొహాల మధ్య నవ్వడానికి ఏదో ఒకటి దొరికితే చాలు. ఇంకోరోజైతే జిగురు కూడా నవ్వేవాడు. ఆ రోజు వాళ్ళ దగ్గర నిలవలేదు.

ముందు తనకి మతి పోయిందేమో అనుకున్నాడు. హాలు పక్క గోడ దగ్గరికి వెళ్ళాడు. వరద కడిగేసిన తర్వాత అంటించిన కాగితాలన్నీ ఆ గోడ మీదే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, బెత్తెడు మందాన. అంచు పక్కనుంచి చూస్తే చెట్టు మొద్దు నరికినట్టు వరసలు కనబడతాయి. బకెట్టు నీళ్ళు తెచ్చి మూల తడిపి, గీకుడు రేకు దోపి, మెల్లగా పొరలు పొరలుగా లేపుకుంటూ పోయాడు. కళ్ళూ ముక్కులూ తుపాకులూ ముద్దలుగా ఊడి కాళ్ళ దగ్గర పడ్డాయి. గంట పట్టింది. అడుగున, ఇటుకకి అంటుకుని, నీలం రంగు కనబడింది. పడవ. పడవలో పిల్ల. చెయ్యి నీళ్ళలో ఆడిస్తూ నవ్వుతోంది. మునిగేదీ తేలేదీ కాగితం చెప్పలేదు.

మతి పోలేదు. తనకి చెప్పిందే వేరు.

అప్పుడు వచ్చింది అతనికి ఆ ఆలోచన. గీకుడు రేకు చేతిలోంచి జారింది. సినిమాల చివరలు మార్చి చెప్పినవాడు, ఆ ఒక్క చివర మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడా?

మిట్టమధ్యాహ్నం వంతెన దాటి బామ్మర్ది ఇంటికి వెళ్ళాడు. రెండు గదుల ఇల్లు, వీధిలోకి మూడు మెట్లు. బామ్మర్ది పెళ్ళాం పనికి బయల్దేరుతోంది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెకి రెండో షిఫ్టు. వరసకి చెల్లెలే గాని, సొంత చెల్లెలి కన్నా ఎక్కువ. జిగురుని చూడగానే ఆమె మొహం కాస్త తెరిపిన పడింది.

"వచ్చావా అన్నయ్యా, దేవుడిలా వచ్చావు. ఒక్కణ్ణీ వదిలి వెళ్ళడానికి కాళ్ళు రావట్లేదు. మందు ఇప్పుడే పట్టించాను." గొంతు తగ్గించింది. "హాలు మూసేస్తున్న సంగతి మాత్రం అనకు."

"అనను."

"రాత్రంతా కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. నేను సగంలో సెలవడిగి పొద్దు గూకే లోపల వచ్చేస్తాను."

లోపల బామ్మర్ది మంచం మీద రెండు దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. యాభై ఆరేళ్ళే. ముప్పై ఏళ్ళు హాలు పైన చిన్న ప్రొజెక్టరు గదిలో, బొమ్మకి వెలుగిచ్చే కార్బన్ పుల్లల పొగ పీల్చాడు. ఇప్పుడా పొగంతా రొమ్ములో గూడు కట్టిందన్నారు డాక్టర్లు. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ గది గోడకున్న చతురస్రపు కంతలోంచి తెరని చూసి చూసి కుడికన్ను ఎప్పుడూ సగం మూసినట్టే ఉంటుంది. ఆ కంటితోనే బావని చూసి నవ్వాడు.

"ఏంటి బావా, పిండి వాసన ముందొచ్చింది, నువ్వు వెనకొచ్చావు."

జిగురు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"యజమానమ్మ పది సినిమాలేరమంది," అన్నాడు జిగురు. "పదేళ్ళకి పది. హాలుకి ఏదో... ఏళ్ళు నిండాయట."

"ఏళ్ళు నిండటం కాదు, నూకలు చెల్లాయి. మూసేస్తోంది కదూ?"

జిగురు నేల చూశాడు.

"నీకు అబద్ధం ఆడ్డం రాదు బావా. ఈ జన్మకి నేర్చుకోలేవు." నవ్వబోయాడు, దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా జిగురు అతని వీపు రాశాడు. ఎముకలు చేతికి ఒక్కొక్కటీ తగిలాయి. వీపు రాస్తూనే, మొహం కనబడకుండా, అడిగాడు.

"నీలం పడవలో ఆ పిల్ల ఏమైందిరా?"

బామ్మర్ది వీపు చేతి కింద కదలకుండా ఆగిపోయింది.

"ఒడ్డుకొచ్చింది."

"బుకింగక్క మునిగిపోయిందంటోంది."

"ఆవిడ నోరు గంటసేపు మూస్తే చచ్చిపోతుంది." దిండు మీదికి వాలాడు. "మునిగిపోయింది బావా."

"గొడుగు పిల్ల?"

"రైలెక్కి వెళ్ళిపోయాడు."

"లారీ డ్రైవరు?"

"అతనూ అంతే."

జిగురు అడుగుతూ పోయాడు, గోడ మీద పొర లేపినట్టు ఒక్కొక్కటే. బామ్మర్ది ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో ముక్క చెప్పాడు. ముసలి మేష్టరికి చూపు రాలేదు. తప్పిపోయిన కవల దొరకలేదు. కోర్టు సినిమాలో తీర్పు హీరోకి వ్యతిరేకంగానే వచ్చింది.

"ఇద్దరు డాక్టర్లలో ఆ అమ్మాయిని ఎవరు చేసుకున్నారు మరి?"

"అందులో పెళ్ళే లేదు బావా. అమ్మాయి పక్కింటి వాళ్ళ చుట్టం, రెండు నిమిషాలుంటుంది. ఆ రోజు నీ మొహం అదోలా ఉందని పెళ్ళి పెట్టాను. పాట కూడా నాదే."

"ఆ పాట బాగుంది," అన్నాడు జిగురు, ఒప్పుకోక తప్పనట్టు.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఎందుకురా?"

"మొదటిది నువ్వడిగిందెక్కడ? వంతెన మీద. వరదకి ఏడు నెలలు. కింద నీళ్ళు పోతున్నాయి. అక్కడ నిలబడి ఆ పిల్ల మునిగిపోయిందని నీకెట్లా చెప్పను? తేలిందన్నాను. నువ్వు ఆ రోజు తిన్నావు. నీ చెల్లే చెప్పింది, రెండోసారి పెట్టించుకుని తిన్నాడని. తర్వాత వారం మళ్ళీ అడిగావు. ఒకళ్ళని బతికించాక ఇంకొకళ్ళని చంపబుద్ధి కాలేదు."

కిటికీలోంచి ఎండ మంచం అంచు మీదికి జరిగింది. జిగురు తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో నీలం రంగు. పొద్దున్న గోడ మీదిది. ఇక అడగక తప్పదు.

"మీ అక్కని నువ్వు చూశావా?"

బామ్మర్ది కళ్ళు మూసుకున్నాడు. రొమ్ములో పిల్లి కూసినట్టు చప్పుడు.

"ఈ మాట కోసమే వచ్చావని నువ్వు గడప దాటగానే అనుకున్నాను."

"చూశావా?"

"బడిలో వరసగా పడుకోబెట్టారు. పందొమ్మిది మంది. నాలుగో రోజు గదా బావా. ఎవరి మొహమూ మొహంలా లేదు. ఒకామె ఒంటి మీద ఆకుపచ్చ గుడ్డ ఉంది. అక్కకి ఆకుపచ్చదొకటి ఉండేది గదా. ఈమే అన్నాను. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాను."

"ఆ రోజు అది ఆకుపచ్చది వేసుకోలేదు."

"తెలుసు."

జిగురు వినబడనట్టు చూశాడు.

"తెలుసు బావా. పొద్దున వీధిలో ఎదురొస్తే నేనూ చూశాను. పసుపుపచ్చది వేసుకుంది. తెలిసే చెప్పాను. నువ్వు గట్టు మీద తిరుగుతున్నావు. పాదాలు పగిలి నెత్తురు. నీళ్ళు ఇంకా తియ్యలేదు. ఇంకొక్క రోజు అట్లా వదిలేస్తే నువ్వు కూడా అందులోకి దిగుతావనిపించింది. ఎవర్నో ఒకర్ని చూపిస్తే గాని నువ్వు వెనక్కి రావు."

"పదేళ్ళు," అన్నాడు జిగురు. "పదేళ్ళుగా ఆ మొక్కకి నీళ్ళు పోస్తున్నాన్రా. ఎవరికి పోస్తున్నాను?"

"ఆమెకీ ఎవరో ఒకళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు రాలేదు. నువ్వు పోశావు."

జిగురు లేచాడు. స్టూలు వెనక్కి పడింది. బయటికి వచ్చి మూడో మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ నెత్తి మీద సుత్తితో కొట్టినట్టుంది. ఎదుటి ఇంటి గోడ మీద పోయిన వారం తను అంటించిన పోస్టరు పైమూల లేచి గాలికి కొట్టుకుంటోంది. అతను దాన్నే చూస్తున్నాడు. పసుపుపచ్చ గుడ్డ. ఎక్కడుందో. ఏ రేవుకి పోయిందో. ఆ నాలుగో రోజున తను ఇంకొంచెం నడిచి ఉంటే. ఇంకొక్క మలుపు.

"బావా," అని లోపల్నుంచి వినిపించింది.

జిగురు కదల్లేదు. పిలవనీ, అనుకున్నాడు. పదేళ్ళు కూర్చోబెట్టాడుగా నన్ను, కాసేపు వాడూ కూర్చోనీ.

"బావా." ఈసారి ఇంకా చిన్నగా, గోడ అవతల్నుంచి వచ్చినట్టు.

అతను లేచి వీధి దాటాడు. ఎదుటి గోడ దగ్గరికి పోయి, పొడుగు చెయ్యి చాచి, లేచిన మూలని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. అరచేతి చెమట తగిలితే పాత పిండి కాస్త మెత్తబడుతుంది, అదిమి పట్టుకుంటే ఒక్కోసారి మళ్ళీ పడుతుంది. నూరు లెక్కపెట్టేదాకా అట్లాగే నిలబడ్డాడు. మూల అంటుకుంది. చెయ్యి తీసి, అది మళ్ళీ లేస్తుందేమోనని ఇంకాసేపు చూశాడు. అప్పుడు గాని కోపం కాస్త దిగలేదు. ఒక గ్లాసు నీళ్ళిచ్చి, మిగతా సినిమాలేవో కూడా అడుగుదామనుకుంటూ మెట్లెక్కాడు.

లోపల చప్పుడేం లేదు. ఇందాకటి పిల్లికూత కూడా లేదు.

బామ్మర్ది దిండ్ల మీంచి పక్కకి జారి ఉన్నాడు. ఒక కాలు నేలకి ఆనుతోంది, లేవబోయినట్టు. కుడికన్ను ఎప్పటిలాగే సగం మూసి ఉంది. ఎడమది మాత్రం పూర్తిగా తెరిచి గుమ్మం వైపు చూస్తోంది. జిగురు అతని పేరు పెట్టి పిలిచాడు, ఎన్నేళ్ళయిందో ఆ పేరు పలికి. తర్వాత కాలు ఎత్తి మంచం మీద పెట్టాడు. దిండ్లు సర్దాడు. ఎడమకన్ను మూశాడు. పడిపోయిన స్టూలు లేపి, మంచం పక్కకి లాక్కుని కూర్చుని, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చెల్లెలు వచ్చేసరికి అతను అట్లాగే కూర్చుని ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే, మొహం మీద చన్నీళ్ళు కొట్టుకుని, హాలుకి వెళ్ళాడు. యజమానమ్మ వరండాలో నిలబడి ఉంది. బుకింగక్క కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇవాళ ఎందుకొచ్చావయ్యా?" అంది యజమానమ్మ. "అచ్చుపని రేపు చూసుకోవచ్చు."

"ఇవాళ్టికి చెప్తానన్నాను గదమ్మా," అన్నాడు. బుకింగక్క కాగితం తీసింది. అతను తన పేర్లు చెప్తుంటే ఆమె అసలు పేర్లు రాసుకుంది. మొదటిది నీలం పడవ. రెండోది గొడుగు పిల్ల. ఎర్ర లారీ, ముసలి మేష్టరు, ఇద్దరు డాక్టర్లు. పదీ చెప్పాడు. ఆమె ఆగింది.

"జిగురూ, తిట్టుకోకు. నిన్న అన్నానుగా, ఇవన్నీ ఆఖర్న ఏడుపువే."

"తెలుసు. అవే రాయి."

"పోనీ ఎందుకు నచ్చాయని ఎవరైనా అడిగితే?"

"వాడు బాగా చెప్పినవి," అన్నాడు జిగురు. ఆమెకి ఆ మాట అర్థం కాలేదు గాని, ఆ మొహం చూసి మళ్ళీ అడగలేదు.

అక్కణ్ణుంచి బామ్మర్ది ఇంటికి. పదింటికల్లా మట్టి చెయ్యడం అయిపోయింది. జనం ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. చెల్లెలు గోడకి ఆనుకుని, మోకాళ్ళ చుట్టూ చేతులు పెట్టుకుని కూర్చుంది. రాత్రంతా ఏడ్చిన గొంతు పగిలిపోయి ఉంది. జిగురు గుమ్మం పక్కన చతికిలబడ్డాడు.

"అన్నయ్యా," అంది ఆమె. "ఆఖర్న ఏమైంది?"

అతను వెంటనే చెప్పలేదు. బామ్మర్ది వంతెన మీద ఆగినట్టే ఒక్క క్షణం ఆగాడు.

"బాగానే ఉన్నాడమ్మా. కబుర్లు చెప్పాడు. పాత సినిమాల సంగతులు. ఒక పాట కూడా పాడబోయాడు, నేనే వద్దన్నాను."

"నా మాట ఏమైనా వచ్చిందా?"

"రాకేం? దాన్ని రెండో షిఫ్టు మానెయ్యమను బావా, ఆ సూది వైపు చూసి చూసి కళ్ళు పోగొట్టుకుంటోంది, అన్నాడు. నేను చెప్తే వినదు, నువ్వు చెప్తే వింటుంది, అన్నాడు. చెప్తాన్లేరా అన్నాను."

"తర్వాత?"

"తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. ఎండ మొహం మీద పడుతోందని కిటికీ రెక్క వేశాను. కునుకు పట్టినట్టుంది. చాలాసేపు నాకే తెలీలేదు."

"ఆయాసపడలేదా?"

"లేదు."

"పిలవలేదా నిన్ను?"

జిగురు చూపు గుమ్మం మీంచి కదల్లేదు.

"పక్కనే ఉన్నాను గదమ్మా," అన్నాడు. "పిలవడం దేనికి?"

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తల ఊపి, కళ్ళు తుడుచుకుని, "పోన్లే అన్నయ్యా. నిద్రలో పోయాడన్నమాట," అంది. లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది. నిన్న పొద్దుట్నుంచీ ఎవరూ ఏమీ తినలేదు.

జిగురు మంచం బయట వెయ్యడానికి లేచాడు. పక్కింటాయన అటు పట్టాడు, ఇతను ఇటు పట్టాడు. గుమ్మంలో ఏటవాలుగా తిప్పి, మెట్లు దింపి, గోడకి నిలబెట్టారు. మళ్ళీ లోపలికి వచ్చేసరికి గది పెద్దదైపోయినట్టుంది. మంచం కోళ్ళకి చీమలు ఎక్కకుండా పెట్టుకున్న నాలుగు రీలు డబ్బా మూతలు నేల మీద నాలుగు మూలలా అట్లాగే ఉన్నాయి, ఒక్కోదాంట్లో వేలు మందాన నీళ్ళు కదలకుండా.